విప్పి కూర్చిన విద్య: జి.డి. నాయుడు జీవితము

తిరుమల కొండకు మోటారు బండ్లు పోవుటకు వేసిన తొలి ఘాట్ రోడ్డు 1944వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన ప్రారంభమైనది. ప్రారంభించినవారు నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్. అంతవరకు నడచియో, డోలీలలోనో కొండనెక్కిన యాత్రికులు ఆ తరువాత బస్సులో కూర్చుండి స్వామి సన్నిధికి చేరసాగినారు. మరుసటి ఏట, 1945లో, ఆ గవర్నరు పేరుతోనే కోయంబత్తూరులో ఒక సాంకేతిక కళాశాల వెలసినది. కాలక్రమమున అది వేరొక చోటికి తరలిపోయి, ప్రభుత్వ సాంకేతిక కళాశాల అను పేరు వహించినది. అయినను మొదట అది నెలకొన్న ప్రాంతమును కోయంబత్తూరు జనులు నేటికిని హోప్ కాలేజి అనియే వ్యవహరింతురు.

ఊరివారి నోట నిలిచినది గవర్నరు పేరు. ఆ విద్యాలయ స్థాపనకు ధనమిచ్చి, పాటుపడి, తొలినాళ్లలో దానికి ప్రిన్సిపాలుగా పనిచేసిన వ్యక్తి మాత్రము ప్రాథమిక తరగతులు దాటి చదువని ఒక తెలుగు రైతుబిడ్డ. ఆయనయే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకము ఆయనను జి.డి. నాయుడుగా ఎరుగును. పట్టము లేని మనుష్యుడు పట్టభద్రులను తయారుచేయు కళాశాలకు అధిపతి యెట్లయినాడను ప్రశ్నకు సమాధానము ఆయన జీవితమంతటను పరచుకొని ఉన్నది. ఆ సమాధానము ఒక పాత మోటారు సైకిలు దగ్గర మొదలగుచున్నది.

నాయుడుగారు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరునకు తూర్పున, సూలూరు సమీపమునగల కలంగల్ గ్రామములో జన్మించినారు. ఆ కొంగునాటి పల్లెలలో తెలుగు కుటుంబములు అనేక తరములుగా సేద్యము చేసికొని బ్రతుకుచున్నవి. విజయనగర ప్రభువుల కాలమునను, ఆ పిమ్మట నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలిపోయిన తెలుగువారి సంతతి అది. ఇంట తెలుగు, సంతలో తమిళము. ఒకే నాలుకపై రెండు భాషలు నడచు ఈ బ్రతుకు చిత్తూరు, పుత్తూరు, నగరి ప్రాంతములవారికి క్రొత్తగా చెప్పవలసినది కాదు.

ఆ బాలుడు పుట్టిన కొలదికాలమునకే తల్లి గతించినది. బంధువుల ఇంట పెరిగినాడు. బడి అతనికి రుచింపలేదు. బోధించినది వల్లెవేయుట అతనికి చేతకాక కాదు, ఇష్టము లేక. కొలదికాలములోనే చదువు మానిపించి పొలము పనిలో పెట్టినారు. కథ అంతటితో ఆగియుండినచో కలంగల్‌లో మరియొక రైతు మాత్రమే ఉండెడివాడు.

ఒకనాడు ఆ ప్రాంతమునకు ఒక ఆంగ్ల రెవెన్యూ అధికారి మోటారు సైకిలుపై వచ్చినాడు. అది ఇంగ్లండులోని కొవెంట్రీ నగరమున తయారైన రడ్జ్ బండి. ఆ కంపెనీ మొదట మామూలు సైకిళ్లకు పేరుపడి, 1910 ప్రాంతమున మోటారు సైకిళ్లు చేయ నారంభించినది. ఎద్దుగాని, గుఱ్ఱముగాని లాగకుండ, మనిషి కాలితో త్రొక్కకుండ తనంత తాను పరుగెత్తు బండిని ఊరివారందరును చూచినారు. చూచినవారిలో అనేకులు ఆ వింతను కొన్నాళ్లు చెప్పుకొని మరచినారు. ఆ యువకుడు మాత్రము దాని లోపల ఏమున్నదో తెలియనిదే నిదురపోలేని స్థితిలో పడినాడు.

బండిని కొనవలెనన్న డబ్బు కావలెను. అతడు ఊరు విడచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డనపనికి కుదిరినాడు. కొన్ని సంవత్సరములు ఆ పనియే చేసి, జీతములో మిగిల్చి, చివరకు తాను కోరిన రడ్జ్ మోటారు సైకిలును కొనగలిగినాడు. కొన్నవెంటనే దానిపై ఊరేగలేదు. ఒక్కొక్క మరనే త్రిప్పి, ఒక్కొక్క భాగమునే ఊడదీసి, మొత్తము బండిని నేలమీద పరచినాడు. పిమ్మట ఆ ముక్కలన్నిటిని మరల కూర్చినాడు.

ఈ పని ఎంతటిదో నేటివారు కొంత ఆలోచించి గ్రహింపవలెను. ఆ కాలపు మోటారు సైకిలులో నిప్పురవ్వను పుట్టించునది మాగ్నెటో అను చిన్న సాధనము. అందలి అయస్కాంతమునకును, చుట్టుకొని తిరుగు రాగితీగకును గల సంబంధము చెదరినచో నిప్పు పుట్టదు. ఆ నిప్పు పుట్టు క్షణము పిస్టను పైకి లేచు క్షణముతో సరిపోవలెను. ఒక పంటి తేడాతో చక్రము బిగించినను ఇంజను కదలదు. కార్బ్యురేటరు రంధ్రములో ఒక నలుసు చిక్కుకొన్నను పెట్రోలు ఆవిరి సరిగా పోదు. ఏది ముందు ఊడినదో, ఏది వెనుక ఊడినదో, ఏ మర ఏ రంధ్రమునకు చెందినదో జ్ఞాపకములో నిలుపుకొన్నవాడే తిరిగి కూర్చగలడు. బోధించు గురువు లేడు, చేతిపుస్తకమున్నను చదువు ఇంగ్లీషు లేదు. బండియే గురువు, బండియే గ్రంథము. ముక్కలన్నియు చేరి ఇంజను మ్రోగిననాడు ఆ యువకుని విద్యాభ్యాసములో మొదటి పాఠము పూర్తియైనది. అతడు యంత్రము బాగుచేయువాడుగా స్థిరపడినాడు.

అయితే ఆయన నడక తిన్ననిది కాదు. ప్రత్తి వ్యాపారములో దిగినారు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ధరలు పెరిగి లాభము వచ్చినది. ఆ లాభమును పట్టుకొని బొంబాయి ప్రత్తి వ్యాపారములోనికి పోయి, అక్కడ దానిని పోగొట్టుకొన్నారు. ధనము పోయిన తరువాత మిగిలినది చేతిలోని పని ఒక్కటే. కోయంబత్తూరులో పేరుమోసిన వర్తక ప్రముఖుడు రాబర్ట్ స్టేన్స్ వద్దకు వచ్చి చేరినారు. స్టేన్స్ దొర ఆయన పనితనమును గుర్తించి ప్రోత్సహించినాడు. 1920లో ఆ దొర వద్దనే ఒక మోటారు బస్సును సంపాదించి, పొల్లాచ్చి నుండి పళనికి తామే నడుపుచు రవాణా ప్రారంభించినారు.

పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రము. తిరుపతివలెనే అచ్చటికిని ఏడాది పొడుగున యాత్రికులు వచ్చుచుందురు. ప్రయాణికులకు కొదువ లేదు. కొదువ యెల్ల బండి భాగములకే. నాటి బస్సన్నది సముద్రము దాటి వచ్చిన ఇనుప చట్రముపై ఇక్కడి వడ్రంగి కట్టిన కొయ్య పెట్టె. దారులు కంకరవి. వేసవిలో రేడియేటరులోని నీరు మరిగిపోవును, గతుకులకు స్ప్రింగు పట్టీలు విరుగును. విరిగిన భాగము ఇంగ్లండు నుండియో, అమెరికా నుండియో ఓడలో రావలెను. అది వచ్చువరకు బండి షెడ్డులో పడియుండవలసినదే. ఈ కష్టమునకు నాయుడుగారు కనుగొన్న ఉపాయము యౌవనమున తాను చేసినదే: విప్పి చూచుట, తీరు గ్రహించుట, పాడైనదానిని మన చేతులతో బాగుచేయుట. బండ్లతో పాటు కార్ఖానాయును పెరిగినది. కార్ఖానాతో పాటు పనివాండ్రును పెరిగినారు.

ఒక్క బస్సుతో మొదలైన ఆ సంస్థ యూనివర్సల్ మోటార్ సర్వీసు అను పేరుతో విస్తరించి, కొలది సంవత్సరములలోనే దేశములో మిక్కిలి క్రమబద్ధముగా నడచు బస్సు సంస్థలలో ఒకటిగా పేరుపొందినది. యు.ఎం.ఎస్. అను మూడక్షరములు కోయంబత్తూరు ప్రాంతమున ఇంటింటను వినబడెడివి. కోయంబత్తూరు ప్రత్తిమిల్లుల పట్టణముగా పెరుగుచున్న కాలమది. మిల్లులకు మనుష్యులను, సరకును చేరవేయుటకు బస్సు, లారి తప్పనిసరి యైనవి. నాయుడుగారి ఉన్నతికి ఆయన పట్టుదల యెంత కారణమో, ఊరి పెరుగుదలయు అంత కారణము.

1930 దశకములో ఆయన ఐరోపా ఖండమును సందర్శించి అక్కడి కార్ఖానాలను చూచినారు. చూచుట అన్నది ఆయన విషయమున విప్పిచూచుటయే. చిన్న మోటారు అమర్చి, పొడి బ్యాటరీలతో నడచు రేజంట్ అను క్షౌరయంత్రమును రూపొందించినారు. మిక్కిలి పలుచని క్షురపు పత్రములు, చలనచిత్రపు కెమెరాలో దూరమును సరిచూచు సాధనము, పండ్లరసము తీయు యంత్రము, మోసమునకు తావీయని ఓటు నమోదు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా మొదలగునవి ఆయన బుద్ధినుండి వెలువడినవి. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి స్వదేశములో విద్యుత్ మోటారును నిర్మించుట మరియొక ముఖ్యఘట్టము. కోయంబత్తూరు నేడు మోటార్లకును, నీటి పంపులకును దేశమంతట ప్రసిద్ధము. రాయలసీమ మెట్టభూములలో బోరుబావుల వద్ద నీరు తోడు పంపులలో ఆ ఊరివి ఎన్నియో కలవు. ఆ పరిశ్రమకు మొదట వేసిన రాళ్లలో ఈ ప్రయత్నము ఒకటి. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు మన దేశములోనే చేసి యీయగలనని ప్రకటించినారు. శాస్త్రవేత్త సి.వి. రామన్ వంటివారు ఆయన ప్రతిభను ప్రశంసించినారు.

ధనము, కీర్తి వచ్చిన పిమ్మట ఆయన మనస్సు విద్యవైపు మరలినది. 1944లో మోటారు వ్యాపార నిర్వహణనుండి తప్పుకొని, పరిశోధక విద్యార్థులకు ధనసహాయము, పనివారలకు సంక్షేమ పథకములు ప్రకటించినారు. 1945లో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల నెలకొన్నవి. అక్కడనే ఆయనకును, ప్రభుత్వమునకును అభిప్రాయభేదము పుట్టినది. ఇంజనీరింగు విద్యకు నాలుగు సంవత్సరములు అక్కరలేదనియు, యంత్రముల నడుమ నిలబెట్టి నేర్పినచో రెండేండ్లు చాలుననియు ఆయన వాదించినారు. వాదముతో ఊరకుండక, సైన్యమునుండి తిరిగివచ్చినవారికి ఆరు వారములలో రేడియో, మోటారు పనులు నేర్పించి చూపినారు. ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆయన పదవిని విడచినారు.

ఈ వివాదములో న్యాయమెవరిదని పాఠకులు ఆలోచింపవచ్చును. వంతెన నిలుచునా, కూలునా అని ముందుగా లెక్కకట్టువానికి గణితము, పదార్థశాస్త్రము ఆరు వారములలో రావు. ఆ లోతు నాయుడుగారు తక్కువగా అంచనా వేసినారని చెప్పక తప్పదు. ఆయన తనవలె ప్రతి విద్యార్థియు ముక్కలను చూచి మొత్తమును ఊహింపగలడని భావించినారు. అది అందరికి దక్కు వరము కాదు. కాని ఆయన ప్రశ్నలో రెండవ పార్శ్వమున్నది. నాలుగేండ్లు చదివియు ఒక్క ఇంజనును విప్పి బిగింపని విద్యార్థి ఏమి నేర్చినట్లు? ఈ ప్రశ్నను నాటి ప్రభుత్వము త్రోసివేసినది గాని, దానికి సమాధానము చెప్పలేదు. ఎనుబది ఏండ్లు గడచిన తరువాతను ప్రయోగశాలకు తాళము వేసియుంచిన పాఠశాలల ముందు ఆ ప్రశ్న అట్లే నిలిచియున్నది.

ఆయన జీవితములో మిక్కిలి బాధాకరమైన ఘట్టము స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటనే సంభవించినది. 1952లో ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును తయారుచేయించినారు. వెల 2,000 రూపాయలని నిర్ణయించినారు. పరిశ్రమలపై ప్రభుత్వ నియంత్రణకు 1951లో చేసిన శాసనము అప్పుడప్పుడే అమలులోనికి వచ్చుచున్నది. ఏ వస్తువు ఎవరు చేయవలెనన్నది లైసెన్సుపై ఆధారపడిన కాలమది. నాయుడుగారి కారునకు లైసెన్సు లభింపలేదు. ఉత్పత్తి ఆగిపోయినది. ఒక పల్లెటూరి బిడ్డ చేసిన కారు రోడ్డెక్కుటకు వీలులేకపోయినది. పరిశ్రమలపై పన్నుల భారమునకు నిరసనగా ఆయన తన కార్ఖానాలో తయారైన వస్తువులనే బహిరంగముగా పగులగొట్టించినారు. ముక్కలను కూర్చుటకు బ్రతికిన మనుష్యుడు తాను కూర్చినదానిని తానే ముక్కలు చేయవలసివచ్చినది. కోపము ఆయన స్వభావములో ఒక భాగమే, కాని ఆనాటి చేష్టలో కోపముకన్న దుఃఖమే అధికము.

రాజకీయములు ఆయనకు కలిసిరాలేదు, ఎన్నికలలో నిలిచి ఓడిపోయినారు. వ్యవసాయమున మాత్రము రైతుబిడ్డగా తన జిజ్ఞాసను తుదివరకు విడువలేదు. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయిలపై ప్రయోగములు చేసి, చూచువారు విస్తుపోవు పంటలు తీసినారు. 1974 జనవరి 4వ తేదీన ఆయన కన్నుమూసినారు.

ఆయన పేరిట వెలసిన ధర్మసంస్థ కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై 2015లో ఒక కార్ల ప్రదర్శనశాలను తెరచినది. దేశదేశముల పాత కార్లను అక్కడ సేకరించి, బాగుచేసి నిలిపినారు. మోటారు చరిత్ర ఎరిగినవారు 1919 మొదలు 1930 వరకు తయారైన కార్లను వింటేజి కార్లందురు. అట్టి కారు ఒకటి ఏ పాత బంగళా షెడ్డులోనో దొరికినప్పుడు అది కారు రూపములో ఉండదు. చట్రము తుప్పు పట్టియుండును. కొయ్య చెదలుపట్టి, తోలు చినిగి, దీపములు, కొమ్ముబూర, గడియారము ఎవరో ఎత్తుకొనిపోయి యుండును. దానిని మరల నిలబెట్టుటకు మొదట చేయవలసినది, నాయుడుగారు రడ్జ్ బండికి చేసినదే. ప్రతి భాగమును విప్పి, అంకె వేసి, పటము గీసి ఉంచవలెను. రంగును పొరపొరగా గీకి అడుగున దాగిన మొదటి రంగును కనుగొనవలెను. తుప్పును వదలించి, ఏది పనికివచ్చునో, ఏది క్రొత్తగా చేయవలెనో తేల్చుకొనవలెను.

అన్నిటికన్న కష్టమైనది పోయిన భాగములను చేయుట. ఆ కంపెనీ ఎన్నడో మూతపడియుండును, విడిభాగము ప్రపంచములో ఎక్కడను దొరకదు. కుడివైపు ఇత్తడి దీపము మిగిలి ఎడమది పోయినచో, ఉన్నదానిని చూచి కొయ్య నమూనా చెక్కి, ఇసుకలో అచ్చుతీసి, ఇత్తడి పోసి, లేతు మిషనుపై సానపట్టవలెను. రెండును పోయినచో పాత ఛాయాచిత్రములు, కంపెనీ జాబితాలు వెదకవలెను. ఈ పనికి ఇంజనీరు ఒక్కడు చాలడు. వడ్రంగి, కమ్మరి, కంచరి, తోలుపనివాడు, రంగులు వేయువాడు అందరును కావలెను. తిరుపతిలో పంచలోహ విగ్రహములను మైనపు అచ్చుతో పోతపోయు శిల్పులకు ఈ విద్య పరాయిది కాదు. వస్తువు వేరుగాని, చేతి నేర్పు ఒక్కటే.

సాహిత్య విద్యార్థులకు ఇది మరియొక విధముగా పరిచితమే. పురుగు తిన్న తాళపత్రమును పరిష్కరించు పండితుడు లోపించిన అక్షరమును తన ఇష్టము వచ్చినట్లు పూరింపడు. ఛందస్సు, యతిప్రాసలు, కవి పలుకుబడి, ఇతర ప్రతులు ఏమి చెప్పునో విని, కవి వ్రాసియుండిన అక్షరమునే వెదకును. తిరుమలలోని తాళ్లపాక రాగిరేకులను వెలికితీసి చదివినవారు చేసినదియు అదియే. పాత కారును నిలబెట్టువాడును అట్టి పాఠపరిష్కర్తయే. దానికి క్రొత్త రకము దీపము బిగించుట సులభము, కాని అది పరిష్కరణము కాదు, ప్రక్షిప్తము. తయారుచేసినవాని ఆలోచన తెలిసినగాని అతడు చేసిన భాగము చేతికి రాదు.

కావున ప్రదర్శనశాలలో మెరయుచున్న కారు ఆ కథలో సగము మాత్రమే. ఆ కారును నిలబెట్టగలిగిన చేతులు తక్కిన సగము. కారును గాజుతలుపుల నడుమ నూరేండ్లు కాపాడవచ్చును. చేతి నేర్పును అట్లు కాపాడుటకు వీలులేదు. ఒక తరము నేర్వకున్నచో అది ఆ తరముతోనే పోవును, మరల కూర్చుటకు ముక్కలైనను మిగులవు. నాయుడుగారు ధనమును పోగొట్టుకొని తిరిగి సంపాదించినారు, పదవి పోయినను చింతింపలేదు, కారునకు లైసెన్సు రాకున్నను పని మానలేదు. ఆయన పోగొట్టుకొనుటకు ఇష్టపడనిది నేర్చుకొను, నేర్పించు అలవాటు ఒక్కటే.

పాఠశాలలో ఎందుకును పనికిరాడని వెనుకబల్లపై కూర్చుండబెట్టిన పిల్లవాడు ఇంటివద్ద చెడిపోయిన గడియారమునో, నీటి మోటారునో విప్పుకొని కూర్చుండుట ఉపాధ్యాయులు చూచియే యుందురు. అతడు వస్తువును పాడుచేయుచున్నాడని పెద్దలు కోపపడుట సహజము. అతడు దానిని తిరిగి కూర్చువరకు ఓపికపట్టి, తప్పినచోట ఒక మాట సాయము చేయగలిగిన గురువు దొరకినచో చాలును. కలంగల్ పిల్లవానికి అట్టి గురువు దొరకలేదు. అందుచేతనే ఆయన తన ధనమును పాఠశాలలకు వెచ్చించినారు.